దిగులుకూ ఆకలికీ ఉన్న చుట్టరికం

"పరీక్షలొస్తే నాకు అన్నం సయించదన్నా" అనే తమ్ముడూ, "పరీక్షలప్పుడే నాకు ఏదో ఒకటి నములుతూ ఉండాలనిపిస్తుందన్నా" అనే తమ్ముడూ ఒకే గదిలో, పక్కపక్క ట్రంకు పెట్టెల మీద కూర్చుని చదువుతుంటారు. మొదటివాణ్ణి చూసి "పాపం, చదువు ధ్యాసలో తిండి కూడా మానేశాడు" అని జాలిపడతాం. రెండోవాడికి "తిండిపోతు" అని పేరు పెడతాం. నిజానికి ఇద్దరి ఒంట్లో నడుస్తున్నది ఒకే వ్యవహారం. ఒకడు దాని మొదటి భాగంలో ఉన్నాడు, ఇంకొకడు రెండో భాగంలో ఉన్నాడు, అంతే తేడా.

ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే ఉండి చదువుకున్నవాణ్ణి నేను. ఇప్పుడు జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకుంటున్నాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగితే ముందు పాముల గురించి రాద్దామనుకున్నాను. మన కంచం దగ్గరే ఇంత పాఠం ఉండగా పాముల దాకా పోవడం ఎందుకని ఇది ఎంచుకున్నాను. పదో తరగతి వాళ్లకు అర్థమయ్యేలా రాస్తాను. ఉద్యోగాల్లో స్థిరపడ్డ అన్నలు కూడా చివరిదాకా చదవండి, మీకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది.

ఒత్తిడి అంటే

ఒత్తిడి అనే మాటకు ఇప్పుడున్న శాస్త్రీయమైన అర్థం తెచ్చినవాడు హాన్స్ సెల్యే. 1907లో వియన్నాలో పుట్టి, కెనడాలోని మాంట్రియల్ నగరంలో పరిశోధనలు చేశాడు. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరచినా, ఆపకుండా పరుగెత్తించినా, మందులు ఎక్కువ మోతాదులో ఎక్కించినా వాటి శరీరంలో ఒకే రకం మార్పులు వచ్చాయి. అధివృక్క గ్రంథులు ఉబ్బాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. కష్టం ఏదైనా శరీరం ఇచ్చే జవాబు చాలావరకు ఒకటేనని 1936లో 'నేచర్' పత్రికకు ఒక చిన్న లేఖగా రాశాడు. అంతకు ముందే, 1915లో, వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త భయం, కోపం కలిగినప్పుడు జంతువు పోరాడటానికో పారిపోవడానికో ఎలా సిద్ధమవుతుందో పుస్తకంగా రాసి ఉన్నాడు.

బావి గట్టు మీద పాము కనిపిస్తే కలిగే ఒత్తిడి పది నిమిషాల్లో పోతుంది. ఇంటి దగ్గర అప్పు తీరలేదనే దిగులు, అమ్మ ఆరోగ్యం, తరగతిలో ఎవరో కులం పేరెత్తి అన్న మాట, ఇంగ్లీషులో చెప్పే పాఠం సగమే బుర్రకెక్కడం, డీఎస్సీ ఎప్పుడు పడుతుందో తెలియక ఏళ్లకేళ్లు పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడం, ఇవి అలా పోయేవి కావు. మన శరీరంలో ఉన్న ఏర్పాటు ముఖ్యంగా పాము కోసం తయారైంది. దాన్ని మనం నెలల తరబడి నడిపిస్తున్నాం. చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందు ఆకలి చస్తుంది, తరువాత లేస్తుంది

మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగం ఉంది. ప్రమాదం ఉందని తెలియగానే అది సీఆర్‌హెచ్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది. అది పక్కనే ఉన్న పీయూష గ్రంథిని లేపుతుంది. పీయూష గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్ రక్తంలో కలిసి, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులకు చేరుతుంది. అవి కార్టిసాల్‌ను వదులుతాయి. పై అధికారి నుంచి కింది ఉద్యోగి దాకా ఫైలు దిగినట్టు ఉంటుంది ఈ వరుస.

ఈ ఫైలులో మొదటి కాగితానికీ చివరి కాగితానికీ ఆకలి విషయంలో పొత్తు కుదరదు. సీఆర్‌హెచ్ ఆకలిని అణిచేస్తుంది. అప్పుడే ఎడ్రినలిన్ కూడా తోడై, పేగులకు వెళ్లే రక్తాన్ని కండరాలకు మళ్లిస్తుంది. పరీక్ష రోజు పొద్దున ఉప్మా గొంతు దిగకపోవడం ఇందుకే. కార్టిసాల్ మాత్రం నెమ్మదిగా వచ్చి చాలాసేపు నిలుస్తుంది. పోరాటంలో ఖర్చయిన శక్తిని తిరిగి నింపడం దాని పని. కాలేయంలో గ్లూకోజ్ తయారీని పెంచుతుంది, ఆకలిని లేపుతుంది, అందులోనూ తీపి, కొవ్వు పదార్థాల మీదికి మనసును తిప్పుతుంది. పాము పోయాక ఒక పూట బాగా తింటే లెక్క సరిపోతుంది. దిగులు రోజూ ఉన్నప్పుడు కార్టిసాల్ రోజూ ఆకలిని లేపుతూనే ఉంటుంది.

కార్టిసాల్ ఆకలి పెంచుతుందనడానికి ప్రయోగశాల దాకా పోనక్కర్లేదు. మన ఊళ్లలో కీళ్ల నొప్పులకో, ఆయాసానికో స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడినవారిని చూసే ఉంటారు. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది, "ఆకలి విపరీతంగా వేస్తోంది, ఒళ్లు పట్టింది" అంటారు. ఆ మాత్రలు కార్టిసాల్ జాతివే. ఒళ్లు వచ్చింది బలం కాదు. అలాగని ఎవరూ ఇంట్లో వాళ్ల చేత ఆ మాత్రలు ఉన్నపళంగా మాన్పించకండి, ప్రమాదం. డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి.

మరి ఒకే ఒత్తిడిలో ఒకడు తినలేకపోవడం, ఒకడు ఎక్కువ తినడం ఏమిటి? ఒత్తిడిలో నూటికి సుమారు నలభై మంది ఎక్కువ తింటారనీ, మరో నలభై మంది తక్కువ తింటారనీ, మిగిలినవారిలో పెద్దగా మార్పుండదనీ పరిశోధకులు స్థూలంగా లెక్క వేస్తారు. ఎవరి ఒంట్లో కార్టిసాల్ ఎంత ఊరుతుందన్నది ఈ తేడాకు ఒక కారణం. అమెరికాలో ఎలిస్సా ఎపెల్ బృందం 59 మంది స్త్రీలకు ప్రయోగశాలలో కష్టమైన పనులు ఇచ్చి, తరువాత వాళ్ల ముందు తినుబండారాలు పెట్టింది. కార్టిసాల్ బాగా పెరిగినవారే ఒత్తిడి రోజున ఎక్కువ తిన్నారు, ముఖ్యంగా తీపి. ఈ ఫలితం 2001లో వచ్చింది.

కడుపు ఆకలి, మెదడు ఆకలి

2014లో వచ్చిన పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో 'జీవక్రియలలో సమన్వయం' పాఠం చదివినవారికి గ్రెలిన్, లెప్టిన్ పేర్లు గుర్తుండే ఉంటాయి. గ్రెలిన్ జీర్ణాశయం నుంచి వచ్చి ఆకలి వేస్తోందని చెబుతుంది. లెప్టిన్ కొవ్వు కణాల నుంచి వచ్చి ఇక చాలంటుంది. అది కడుపు ఆకలి. పప్పు, చారు, మజ్జిగతో కడుపు నిండా తిని చెయ్యి కడుక్కున్నాక కూడా గేటు బయట మిరపకాయ బజ్జీల మూకుడు వాసన తగిలితే నోరూరడం వేరే ఆకలి. అది మెదడులోని ప్రతిఫల వ్యవస్థ వల్ల పుడుతుంది. ఏది చేస్తే లాభం కలిగిందో గుర్తుపెట్టుకుని, మళ్లీ అది చేయమని పురమాయించే నాడుల దారికే ఆ పేరు.

ఈ వ్యవస్థ దొరికిన తీరు విచిత్రమైనది. మాంట్రియల్‌లోనే జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు ఎలుక మెదడులో సన్నని తీగ అమర్చి, మీట నొక్కితే అక్కడికి కాస్త విద్యుత్తు అందేలా ఏర్పాటు చేశారు. మెదడులో కొన్ని చోట్ల తీగ ఉన్నప్పుడు ఎలుకలు గంటకు వెయ్యికి పైగా సార్లు మీట నొక్కాయి. 1954లో ఈ సంగతి ప్రకటించారు. తరువాతి ప్రయోగాల్లో, ఆకలితో ఉన్న ఎలుకలు కూడా ఎదురుగా ఉన్న తిండి వదిలేసి మీట పట్టుకుని కూర్చున్నాయి. ఆ దారిలో నడిచే ముఖ్యమైన రసాయనం డోపమైన్ అని క్రమంగా తేలింది. అది మెదడులో సందేశాలు మోసే రసాయనమని మొదట చూపిన ఆర్విడ్ కార్ల్‌సన్‌కు 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది.

పత్రికల్లో డోపమైన్‌ను 'ఆనంద రసాయనం' అని రాస్తుంటారు. ఆ మాట సగం కూడా నిజం కాదు. నా ఉద్దేశంలో ఈ పాఠం మొత్తంలో గట్టిగా పట్టుకోవలసిన సంగతి ఇదే కనుక కొంచెం నిలబడి చూద్దాం.

మిషిగాన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మెదడులో డోపమైన్‌ను దాదాపు పూర్తిగా పోగొట్టాడు. అవి తిండి ముట్టడం మానేశాయి. ముందు పెట్టినా కదలవు, గొట్టంతో పోయకపోతే చచ్చిపోతాయి. అప్పుడు వాటి నాలుక మీద పంచదార నీళ్లు వేసి చూశాడు. తీపి తగిలితే చంటిపిల్లలు పెదవులు చప్పరిస్తారు కదా, ఎలుకలూ అలాగే చేస్తాయి. డోపమైన్ లేని ఎలుకలు కూడా మామూలు ఎలుకల్లాగే చప్పరించాయి! అంటే 'బాగుంది' అనిపించడం పోలేదు. 'కావాలి' అనిపించడం ఒక్కటే పోయింది. మెదడులో ఈ రెండూ వేర్వేరు పనులన్నమాట. డోపమైన్ ముఖ్యంగా కావాలనిపించే పని చూస్తుంది.

స్విట్జర్లాండ్‌లో వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన పరిశోధన దీనికి రెండో సగం. కోతికి పండ్లరసం చుక్క అందినప్పుడు మొదట్లో డోపమైన్ కణాలు చురుకయ్యేవి. రసానికి ముందు దీపం వెలిగే అలవాటు చేశాక, రసం తాగేటప్పుడు ఆ కణాలు ఊరుకుని, దీపం వెలగగానే చురుకవడం మొదలెట్టాయి. మన బజ్జీల బండికీ ఇది వర్తిస్తుంది. లాగేది బజ్జీ కన్నా ముందు మూకుడు వాసన, సాయంత్రం ఆరు గంటలు, జేబులో కాస్మొటిక్ చార్జీల డబ్బు. మూడో బజ్జీ మొదటి బజ్జీ అంత రుచిగా ఉండదని తెలిసీ చెయ్యి పొట్లంలోకి పోవడంలో వింతేమీ లేదు. 'బాగుంది' తగ్గిపోయాక కూడా 'కావాలి' తగ్గకుండా ఉండగలదు.

నెలల తరబడి ఉంటే ఏమవుతుంది

దీర్ఘకాలపు ఒత్తిడి సరిగ్గా ఈ రెండింటి మధ్య సందును పెద్దది చేస్తుంది.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. దిగులుగా ఉన్నప్పుడు తీపి తింటే ఊరట కలుగుతుందనేది భ్రమ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మేరీ డాల్‌మన్ బృందం ఎలుకలను రోజూ ఒత్తిడికి గురిచేసి, వాటికి పంచదార నీళ్లు, పంది కొవ్వు అందుబాటులో పెట్టింది. అవి తిన్న ఎలుకల్లో ఒత్తిడి హార్మోన్ల పొంగు నిజంగానే తగ్గింది. 2003లో ఆమె బృందం రాసిన వ్యాసం సారాంశం ఇది: కార్టిసాల్ జాతి హార్మోన్లు తీపి, కొవ్వుల మీద కోరిక పెంచుతాయి, పొట్ట దగ్గర కొవ్వు చేరుస్తాయి, ఆ తిండి మెదడులోని ఒత్తిడి ఏర్పాటును కాస్త చల్లబరుస్తుంది. చల్లబడింది కనుక మెదడు ఆ దారి గుర్తుపెట్టుకుంటుంది. దిగులు కారణం మాత్రం అక్కడే ఉంటుంది. తలనొప్పికి మాత్ర వేసుకుంటూ కళ్లద్దాలు పెట్టుకోకపోవడం లాంటిది.

2023లో సిడ్నీలోని గార్వాన్ పరిశోధన సంస్థ వాళ్లు ఇంకొంచెం లోపలికి తొంగిచూశారు. మెదడులో హాబెన్యులా అనే చిన్న భాగం ఉంది. కొవ్వు తిండి కొన్నాళ్లు తిన్న చిట్టెలుకల్లో దాని పక్క భాగం చురుకై 'ఇక చాల్లే' అనే సంకేతం ఇస్తుంది. ఒత్తిడి కూడా ఎక్కువకాలం తోడైతే ఆ భాగం మూగబోయింది. చాలనే మాట రాకపోవడంతో అవి తింటూనే పోయాయి. అదే కొవ్వు తిండి ప్రశాంతంగా తిన్న చిట్టెలుకలకన్నా రెట్టింపు బరువు పెరిగాయి. వాటికి శక్తినివ్వని కృత్రిమ తీపి కలిపిన నీళ్లు పెడితే, ఒత్తిడి లేని వాటికన్నా మూడు రెట్లు తాగాయి. శక్తి లేని తీపిని అంతగా తాగాయంటే అది కడుపు ఆకలి కాదని తేలిపోయింది. మనకు పనికొచ్చే మరో సంగతి అందులోనే ఉంది. ఒత్తిడిలో ఉన్నా మామూలు దాణా తిన్న చిట్టెలుకల్లో ఈ తీపి పిచ్చి కనిపించలేదు. ఒత్తిడీ, కొవ్వు తిండీ రెండూ కలిసినప్పుడే ఆ స్విచ్చి పడిపోయింది. మెస్‌లో రోజూ పెట్టే పప్పన్నాన్ని మనం ఎంత విసుక్కున్నా, అది ఆ రెండో భాగం జత కాకుండా చూస్తోందని గమనించండి. చిట్టెలుకకు చూసిందంతా మనిషికి అచ్చంగా వర్తిస్తుందని నేను చెప్పను. దారి చూపుతుంది, అంతే.

మనుషుల మీద, అందులోనూ పరీక్షలకు చదివేవాళ్ల మీద జరిగిన పని ఒకటి పోర్చుగల్‌లో ఉంది. అక్కడి మిన్యో విశ్వవిద్యాలయం వాళ్లు ముందు 2009లో ఎలుకల సంగతి ప్రకటించారు. మూడు వారాలు ఒత్తిడిలో ఉన్న ఎలుకలు, కడుపు నిండిపోయాక కూడా తిండి కోసం మీట నొక్కుతూనే ఉన్నాయి. మామూలు ఎలుకలు కడుపు నిండితే ఆపేశాయి. ఒత్తిడిలో ఉన్న ఎలుకల మెదడు కోసి చూస్తే, ఆలోచించి నిర్ణయించే భాగాలు సన్నబడ్డాయి, అలవాటుగా చేయించే భాగం పెరిగింది. తరువాత 2012లో అదే పరిశీలన వైద్య విద్యార్థుల మీద చేశారు. వాళ్లు పీజీ ప్రవేశం లాంటి పెద్ద పరీక్ష కోసం నెలల తరబడి చదివి ఉన్నవారు. వాళ్లూ ఎలుకల్లాగే, అప్పటికే తిని తిని తనివి తీరిపోయినదాన్నే అలవాటుగా ఎంచుకుంటూ పోయారు. స్కానింగ్‌లో మెదడు భాగాల తేడా కూడా కనిపించింది. పరీక్ష అయిపోయి ఆరు వారాలు విశ్రాంతి దొరికాక మళ్లీ చూస్తే, ఆ మార్పులు వెనక్కి తిరిగాయి.

ఆరు వారాలంటే మన వేసవి సెలవులంత. పరీక్షల రోజుల్లో చేతికి అలవాటైన పొట్లం జూన్‌లో అంతగా గుర్తు రాకపోవడం మీలో చాలామందికి అనుభవమే.

కింది మెట్టు మీద ఉండటం

అట్లాంటాలో ఎమొరీ విశ్వవిద్యాలయపు కోతుల పరిశోధన కేంద్రంలో ఆడ రీసస్ కోతుల గుంపులను గమనించి 2008లో ఒక లెక్క ప్రకటించారు. ఈ కోతుల్లో అంతస్తులుంటాయి. పై అంతస్తు కోతి ఎప్పుడు వచ్చి బెదిరిస్తుందో కింది కోతికి తెలియదు. రోజంతా తిండి అందుబాటులో ఉంచితే కింది అంతస్తు కోతులే ఎక్కువ తిన్నాయి. పై అంతస్తు కోతులు దాదాపుగా పగలే తిని ఊరుకుంటే, కిందివి రాత్రి కూడా తిన్నాయి. అంతస్తుల్లో కిందికి నెట్టబడటమే ఒక ఒత్తిడి అని దీన్నిబట్టి తెలుస్తోంది. మనం కోతులం కాదు కానీ, హాస్టల్లో కొత్తగా చేరిన ఐదో తరగతి పిల్లవాడికి వరుసలో ఎప్పుడూ చివరి చోటే దొరికితే, తన గుడ్డు పెద్దవాడి కంచంలోకి పోతుందేమోనని రోజూ భయమైతే వాడి ఒంట్లో ఏం జరుగుతుందో ఊహించవచ్చు. చిన్న తరగతుల వాళ్లకు ముందు వడ్డించే పద్ధతి పెట్టినవారెవరో గానీ, శరీరశాస్త్రం తెలిసే పెట్టారనిపిస్తుంది.

ఇంకొకటి ఉంది. ఆకలి కూడా ఒత్తిడే. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944 నవంబరులో, ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. వాళ్లు యుద్ధం చేయడానికి మనసొప్పక, దాని బదులు ఈ సేవకు తామే వచ్చినవారు. ఆరు నెలలు సగం కడుపుకే తిండి పెట్టారు. బరువులో నాలుగో వంతు తగ్గారు. ఒంటి బలం తగ్గడం ఊహించినదే. ఊహించనిది మనసులో జరిగింది. వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. చదువుకునేవారు పుస్తకం పక్కన పెట్టి వంటల పుస్తకాలు సేకరించారు. కంచం నాకారు, ఒక్క పూట భోజనాన్ని గంటల తరబడి సాగదీశారు. చిరాకు, దిగులు, ఒంటరిగా ఉండాలనిపించడం వచ్చాయి. మళ్లీ కడుపు నిండా పెట్టడం మొదలయ్యాక, ఎంత తిన్నా చాలలేదని కొందరు నెలల తరబడి అన్నారు. ఈ వివరాలన్నీ 1950లో రెండు పెద్ద సంపుటాలుగా వెలువడ్డాయి.

ఇళ్లలో పనులు దొరకని నెలలు చూసి వచ్చిన పిల్లలు మన మధ్య ఎప్పుడూ ఉన్నారు. జూన్‌లో హాస్టల్‌కు చేరిన మొదటి రెండు వారాలు వాళ్లు ఆబగా తింటారు, రొట్టె ముక్క జేబులో దాచుకుంటారు, ట్రంకు పెట్టెలో బిస్కెట్ ప్యాకెట్టుకు తాళం వేస్తారు. దాన్ని చూసి నవ్వడం మన హాస్టళ్లలో పాత అలవాటు. మిన్నెసోటాలో చదువుకున్న, కడుపునిండిన కుటుంబాల యువకులు ఆరు నెలల్లో అచ్చం అలాగే తయారయ్యారు.

నిద్ర లెక్క

'నైట్ అవుట్' కొట్టి చదివే తమ్ముళ్లకు ఒక అంకె. షికాగోలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి, పది గంటలు పడుకున్నప్పటి లెక్కలతో పోల్చారు. చాలనిపించే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి వేయించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, ఆకలిగా ఉందని వాళ్లు చెప్పిన మార్కులు 24 శాతం పెరిగాయి. తీపి, ఉప్పు చిరుతిళ్ల మీదికే ఎక్కువ పోయింది మనసు. 2004లో వచ్చిన ఫలితం ఇది. రెండు రాత్రులకే ఇంత. దీని మీద నేను వేరే చెప్పేదేమీ లేదు.

అన్నలకు

మనలో చాలామంది కానిస్టేబుళ్లుగా, టీచర్లుగా, బస్సు కండక్టర్లుగా, నగరాల్లో రాత్రి షిఫ్టుల్లో స్థిరపడ్డారు. సన్నగానే ఉన్నాం, షుగర్ మనకెందుకొస్తుందనే ధైర్యం పెట్టుకోకండి. పుణె కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యడ్కిన్ 2004లో 'లాన్సెట్' పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసి ఒక చమత్కారం చూపించారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరికీ ఒకే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. భారతీయుల ఒంట్లో, అందులోనూ పొట్ట లోపల, కొవ్వు కనిపించకుండా చేరుతుంది. దాని మీద ఏళ్ల తరబడి కార్టిసాల్ తోడైతే అదీ ఆ పొట్టలోకే కొవ్వును పంపుతుంది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా కట్టింది. ముప్పై దాటినవారు ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకుని, నడుము కొలత కూడా చూసుకోండి. తూకం యంత్రం ఒక్కటే చాలదు.

తమ్ముళ్లలో ఎవరికైనా వారాల తరబడి అన్నం సయించకపోతే, తిన్నది కావాలని కక్కుకుంటుంటే, నిద్ర, చదువు రెండూ పోతే అది పరీక్ష భయంతో పోయేది కాదు. దాచుకోకుండా వార్డెన్ సార్‌కు చెప్పండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఖర్చు లేకుండా ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మెస్ కమిటీకి

వ్యాసం రాసినవాడికి ఒక విన్నపం చేసే హక్కు ఉంటుందనుకుంటాను. చాలా హాస్టళ్లలో రాత్రి భోజనం ఏడింటికే అయిపోతుంది. పదో తరగతి వాళ్ల స్టడీ అవర్ పది దాకా, పరీక్షల ముందు పదకొండు దాకా సాగుతుంది. నాలుగు గంటల చదువు తరువాత ఖాళీ కడుపు, ఒత్తిడి, నిద్రలేమి మూడూ ఒకేసారి కలిసేది అప్పుడే. పెట్టెల్లోంచి మిక్స్‌చర్ పొట్లాలు బయటికొచ్చేదీ అప్పుడే. జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా, పొద్దున ఇచ్చే అరటిపండును పెద్ద తరగతుల వాళ్లకు రాత్రి పదింటికి మార్చవచ్చు. లేదా సాయంత్రం చేసే శనగ గుగ్గిళ్లలో గిన్నెడు తీసి ఉంచవచ్చు. మెస్ చార్జీల్లో పైసా పెరగదు. వంటమనిషికీ, కామాటికీ అదనపు పని లేకుండా గిన్నెలు కడిగే వంతు మీరే వేసుకోండి. వార్డెన్ సార్ ఎందుకని అడిగితే ఈ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టండి.